కళ్ళు మూసుకోకండి అత్తయ్యా

మా అత్తయ్య మూడుసార్లు తిరుమల వెళ్ళింది. మూడుసార్లూ స్వామిని చూడకుండానే తిరిగొచ్చింది. ఇది కోడలు వేసిన అభాండం కాదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ కాఫీతోపాటు ఆవిడే ఈ సంగతి కూడా అందించేది.

మొదటిసారి మావారి పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్ళారట. కొత్తగా గుండైన పిల్లవాడు భుజం మీద గుక్కపట్టి ఏడుస్తుంటే, వాణ్ణి ఊరుకోబెట్టే పనిలో గర్భగుడి వచ్చిందీ పోయిందీ ఆవిడకి తెలియలేదు. రెండోసారి మావయ్యగారితో వెళ్ళింది. సరిగ్గా ఆవిడ ముందు తాటిచెట్టంత మనిషొకడు నిలబడి, స్వామికి బదులు తన వీపు చూపించి పంపాడు. మూడోసారి మా పెళ్ళయిన కొత్తలో నలుగురం కలిసి వెళ్ళాం. ఆ సారి చంకలో పిల్లాడూ లేడు, ముందు తాటిచెట్టూ లేదు. ఆవిడ వెనకే నేనున్నాను కాబట్టి ఏం జరిగిందో నాకు బాగా తెలుసు. స్వామి ఎదురుపడగానే రెండు చేతులూ జోడించి కళ్ళు గట్టిగా మూసేసుకుంది. తెరిచేసరికి బయటికి వెళ్ళే దారిలో ఉంది.

"అంతసేపు లైన్లో పడిగాపులు పడి, తీరా ఆయన ముందుకొచ్చాక కళ్ళు మూసుకుంటారా అత్తయ్యా?" అని ఆ రోజే అడిగాను. కొత్తకోడలు అడగాల్సిన మాట కాదు. అయినా అడిగాను.

"దణ్ణం పెట్టుకునేటప్పుడు కళ్ళు తెరుచుకుని ఎవరు పెడతారే?" అందావిడ.

నేను వాదనలో ఓడిపోయే సందర్భాలు తక్కువ కాబట్టి ఆ మాట గుర్తుండిపోయింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళకి, మావయ్యగారు పోయాక, ఆవిడ కళ్ళకి శుక్లాలొచ్చాయి. బందరులోనే ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పించి, కొత్త కళ్ళద్దాలు పెట్టించి ఇంటికి తీసుకొచ్చిన రోజు నుంచీ నాకు కష్టకాలం మొదలైంది.

"ఈ గోడకి పచ్చరంగు ఎప్పుడేయించారు?"

"ఎప్పట్నుంచో పచ్చరంగే అత్తయ్యా."

"పప్పులో ఇంత పొట్టుందేంటి? ఇన్నాళ్ళూ నేను ఇదేనా తింటున్నది?"

"మారు వడ్డించుకుని మరీ తిన్నారు."

నా మొహంలో మొహం పెట్టి చూసి, "నీకు చెంపల దగ్గర నెరిసిందే" అంది.

"నెరిసి చాలాకాలమైంది. మీ ఆపరేషనే ఆలస్యమైంది."

అలా ఇల్లంతా తనిఖీ అయింది. అటకమీది సాలెగూళ్ళు, ఇత్తడి బిందె అంచున మిగిలిపోయిన చింతపండు, పనిమనిషి వదిలేసిన మూలలు, ఏవీ ఆవిడ కళ్ళు తప్పించుకోలేదు. చూడటానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదన్నట్టు, ఒకరోజు దేవుడి గూట్లో పటం తుడుస్తూ నెమ్మదిగా అంది.

"కళ్ళొచ్చాయి. ఇక ఆయన్నొక్కసారి చూడాలే. కాళ్ళే పోతున్నాయి. ఈసారి చూడకపోతే మళ్ళీ ఆ కొండకి రాలేను."

అది నిజం. మోకాళ్ళు ఎప్పుడో మొరాయించాయి. రెండు మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో కాలూ దింపేది. ఎక్కువసేపు నిలబడొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. తిరుమల వెళ్ళి నిలబడకుండా రావడం ఎలా అన్నది మా ఇంట్లో ప్రశ్నయింది. ఆ ప్రశ్న నా నెత్తిన పడింది. ఇంట్లో డిగ్రీ చదివింది నేను, వాదించేదీ నేనే. కాబట్టి లైను తప్పించే బాధ్యత కూడా నాదేనని మావారు తీర్మానించి పేపరు చదువుకున్నారు.

మన జిల్లాలో తిరుమల లైను గురించి తెలియనివాళ్ళు ఉండరు. కూరల బజారులో, బస్టాండులో, పెళ్ళి భోజనాల్లో ఎక్కడ కదిపినా ఒక ఉపాయం దొరికేది. కాలినడకన వెళ్తే తొందరగా వదుల్తారని ఒకరు. మోకాళ్ళు బాగుంటే నేనెందుకు అడుగుతానని నేను. చంటిపిల్లల తల్లులకి వేరే లైనుందంట, ఎవరి పిల్లనైనా ఎత్తుకెళ్ళమని ఇంకొకరు. డెబ్భై ఏళ్ళావిడ చేతిలో చంటిపిల్లని పెట్టి ఏమని చెప్పుకోవాలో మాత్రం ఆ మహాతల్లి చెప్పలేదు.

అందరికన్నా ధీమాగా మాట్లాడింది మా ఆడపడుచు భర్త. ఆయనకి గుడివాడలో రైసుమిల్లుంది. నేను అన్నయ్యా అంటాను. ఆయనకి ప్రపంచంలో ప్రతి తలుపూ లెటరుతో తెరుచుకుంటుంది.

"చెల్లెమ్మా, నువ్వు బుర్ర పాడుచేసుకోమాక. మనకి తెలిసినాయన దగ్గర ఒక రికమెండేషన్ లెటరు తెస్తా. వెళ్ళారు, చూశారు, వచ్చారు. అంతే."

"పోయినేడు మీ మిల్లు గుమాస్తాగారికి తెచ్చారు కదన్నయ్యా. ఆయన చూశాడా?"

అన్నయ్య మెడ తడుముకున్నాడు. "అదా. దానిమీద తారీఖు తేడా పడిందిలే."

"కొండంతా తిరిగి, లడ్డూలు కొనుక్కుని, గుండు చేయించుకుని వచ్చాడంట. స్వామి తప్ప అన్నీ చూశాడంట."

"నీతో మాట్లాడేకంటే పోయి ఆ లైన్లో నిలబడ్డం నయం" అని ఆయన ఫోను పెట్టేశాడు.

లెటరు వద్దన్నాను, పిల్ల వద్దన్నాను. మరి ఏం కావాలంటే, కాస్త తెలివి చాలన్నాను. లైనుని తప్పించుకోవడం కాదు, లైను లేని రోజుని పట్టుకోవాలన్నది నా సిద్ధాంతం. దానికి లెక్క కూడా తయారుచేశాను. మనవాళ్ళు తిరుమల ఎప్పుడెళ్తారు? ధాన్యం అమ్ముడయ్యాక వెళ్తారు. పిల్లల పరీక్షలయ్యాక వెళ్తారు. పెళ్ళిళ్ళయ్యాక కొత్తజంటల్ని వెంటబెట్టుకుని వెళ్తారు. ఆషాఢంలో ఈ మూడూ ఉండవు. బడులు తెరుస్తారు, కొత్త పెళ్ళికూతుళ్ళు పుట్టిళ్ళలో ఉంటారు, కాలవలకి నీళ్ళొచ్చి చల్లపల్లి నుంచి పెదపారుపూడి దాకా ప్రతి రైతూ మోకాలిలోతు బురదలో ఉంటాడు. నారుమడి వదిలి ఎవడూ కదలడు. అన్ని ఊళ్ళలోనూ ఇంతే కదా. కొండ ఖాళీగా ఉంటుంది. మనం గాలికి తిరిగినట్టు తిరిగి రావచ్చు.

ఈ లెక్క మావారి ముందు పెడితే ఆయన, "నాట్లప్పుడు నేను రాలేను" అన్నారు.

"మీరు రాలేరు కాబట్టే అది మంచి సమయం" అన్నాను.

రోజు నిర్ణయించడం దగ్గర అత్తయ్యతో పేచీ వచ్చింది. ఆవిడ ఒళ్ళో పంచాంగం, నా ఒళ్ళో క్యాలెండరు.

"శనివారం ఆయన రోజు. శనివారం వెళ్దాం."

"శనివారం కాలు పెట్టే చోటుండదు."

"ఏకాదశి?"

"అసలే వద్దు."

"పున్నమి కూడా వద్దంటావా?"

"పున్నమి వద్దు, ఆదివారం వద్దు, శ్రవణా నక్షత్రం వద్దు. మీ పంచాంగంలో మంచివని రాసిన రోజులన్నీ చదవండి, ఒక్కోటీ కొట్టేస్తాను."

"మంచిరోజు చూడకుండా దేవుడి దగ్గరికి బయల్దేరదీస్తావా నన్ను?"

"మంచిరోజంటే ఏంటత్తయ్యా? జనమంతా బయల్దేరే రోజు. మీకు మంచిరోజు కావాలా, మోకాళ్ళు కావాలా?"

ఆవిడ కళ్ళద్దాలు తీసి పమిటతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని, నేను చూపించిన తేదీ కేసి చూసింది. ఆషాఢ బహుళం, మంగళవారం, అమావాస్య దగ్గరపడుతోంది. శత్రువుని కూడా పంపని రోజు.

మధ్యలో నేను ఇంకో తెలివి ప్రదర్శించబోయాను. దారిలో కాళహస్తి కూడా ముందే చూసేస్తే ఒక పనైపోతుందన్నాను. ఆవిడ పంచాంగం టప్పున మూసింది.

"కాళహస్తి చూశాక ఇంకో గుడి మెట్టెక్కకూడదు. సరాసరి ఇంటికే రావాలి. ఇంత చదివావు, అది తెలీదా?"

తెలీదని ఒప్పుకోకుండా, మిమ్మల్ని పరీక్షించానన్నాను. ఆవిడ నమ్మలేదు. కాళహస్తి పోయింది గానీ ఆ గెలుపు సంతోషంలో మంగళవారానికి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. మంగళవారం బయల్దేరినట్టు కాకుండా, ముందురోజు మంచి గడియలో పరస్థానం ఉంచుతానంది. అంటే ప్రయాణం సామాను మంచి ముహూర్తంలో ఇల్లు దాటించి ఎవరింట్లోనైనా పెట్టాలి. అప్పుడు మనం ఆ గడియలోనే బయల్దేరినట్టు లెక్క. మర్నాడు మనిషి ఏ చెడ్డవేళ కదిలినా ఆ చెడు అంటదు. దేవుణ్ణి కూడా ఇలాంటి లెక్కలతో దారికి తెచ్చుకునే అత్తయ్యని చూస్తే నాకు ముచ్చటేసింది. మా ఇద్దరిదీ ఒకటే బుర్రని అప్పుడే అనుమానం వచ్చింది.

రోజు దొరికింది. ఇక మిగిలింది కళ్ళు. ఎంత ఖాళీగా ఉన్నా, స్వామి ముందు ఆవిడ మళ్ళీ కళ్ళు మూసుకుంటే నా తెలివంతా కృష్ణలో కలిసినట్టే. అందుకని రిహార్సల్ పెట్టాను. చిలకలపూడి పాండురంగడి గుడి మాకు రిక్షా దూరం. అక్కడ స్వామి పాదాలు కూడా ముట్టుకోనిస్తారు, కాబట్టి దగ్గరగా చూసే అలవాటవుతుందనుకున్నాను.

"చేతులు జోడించండి, కానీ కళ్ళు తెరిచే ఉంచండి" అని దారి పొడుగునా చెప్పాను. సరేనంది. హారతి పైకి లేచింది, ఆవిడ రెప్పలు కిందికి దిగాయి.

"ఏం రంగు పంచె కట్టారు స్వామికి?" అని బయట అడిగాను.

"పట్టుపంచె."

"రంగు అడిగాను."

"పాండురంగడికి ఏ రంగైనా ఒకటే."

రెండోసారి పక్కనే నిలబడి మోచేత్తో పొడిచాను. ఆవిడ ఉలిక్కిపడి కళ్ళు తెరిచి నా కేసి ఉరిమి చూసింది గానీ స్వామి కేసి చూడలేదు. పూజారిగారు గంట ఆపి, "ఏంటమ్మా, పెద్దావిడకి పరీక్ష పెడుతున్నారా?" అన్నారు. తిరుమల వెళ్ళడానికి తయారుచేస్తున్నానండీ అంటే ఆయన తీర్థం గిన్నె పట్టుకునే నవ్వారు.

మా పక్కింట్లో ఒక టీచరుగారుండేవారు. ఆవిడా నేనూ సాయంత్రాలు పిట్టగోడకి చెరోవైపూ నిలబడి ఊళ్ళో సంగతులన్నీ తేల్చేసేవాళ్ళం. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని కుటుంబంతో చర్చికి వెళ్ళేవారు. నా రిహార్సల్ గోడు విని ఆవిడ పడీపడీ నవ్వారు.

"మాకు తిరకాసు ఇటు పక్కండీ. ప్రార్థన చేసుకుందాం అనగానే అందరూ కళ్ళు మూసుకోవాలి. మూసుకోకపోతే చిన్నప్పుడు మా అమ్మ తొడపాశం పెట్టేది. అయినా నేను మూసుకునేదాన్ని కాదు."

"ఎందుకని?"

"నాలా ఎవరెవరు తెరిచి ఉంచారో చూడొద్దూ? వెతికే పనుంటే కళ్ళు మూతపడవండీ. పెద్దమ్మగారికి అక్కడ ఏదైనా వెతికే పని పెట్టండి."

బోటనీ చదువుకున్న నాకు ఈ మాట తట్టలేదు. మర్నాడు గుడికి వెళ్ళేటప్పుడు అత్తయ్యకి దణ్ణం గురించి ఒక్క మాట చెప్పలేదు. "పాండురంగడి చేతులు ఎక్కడున్నాయో చూసి నాకు చెప్పండి" అన్నాను. బయటికొచ్చి గడగడా అప్పజెప్పింది.

"రెండు చేతులూ నడుం మీద పెట్టుకున్నాడు. ఎడంచేతిలో శంఖముంది. మెళ్ళో దండలో ఒక వరస పూలు వాడిపోయాయి. మార్చమని పంతులుగారికి చెప్పి వచ్చాను."

నాకు రాజ్యం వచ్చినట్టయింది. తిరుమలకి ఏం వెతకమనాలో కూడా ఖాయం చేశాను. స్వామి గడ్డం మీద పచ్చకర్పూరంతో తెల్లటి బొట్టు పెడతారు. అది వెతికి పట్టుకోవాలి. ఆ రోజు నుంచి ఇంట్లో ఉన్న ప్రతి పటంలోనూ ఆవిడ ఆ బొట్టు వెతికింది. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు, చూపుడువేలు పటం మీద ఆనించి మరీ చూసేది.

సోమవారం పొద్దున్నే పరస్థానం సంచి టీచరుగారింటికి చేరింది.

"మీ ఇంట్లో అభ్యంతరం లేకపోతే రేపటిదాకా ఇది ఉంచండమ్మా" అంది అత్తయ్య.

"సంచికి అభ్యంతరమేముంది పెద్దమ్మగారూ. ఏమున్నాయిందులో?"

"రెండు చీరలూ, చేగోడీలూ."

"చీరలకి పూచీ నాది. చేగోడీల సంగతి పిల్లల్నడగాలి."

బయల్దేరే రోజు మావారు కూడా చొక్కా తొడుక్కుని తయారయ్యారు. మరి నాట్ల సంగతేంటంటే, "నీళ్ళొస్తే కదా నాట్లు" అన్నారు. సంచులు మోయడానికి మనిషి దొరికాడని సంతోషించానే గాని ఆ మాట చెవికెక్కించుకోలేదు. బస్సు బెజవాడ రోడ్డెక్కింది. పక్కనే మా బందరు కాలవ. ఆషాఢంలో ఒడ్డులొరుసుకుని పారాల్సిన కాలవలో గేదెలు మేస్తున్నాయి. అదీ చూశాను. గేదెలు బాగా బలిశాయనుకున్నాను. బస్సులో ఒక్క సీటు ఖాళీ లేదు. తిరుపతి బస్సన్నాక ఆ మాత్రం ఉంటారులే అనుకున్నాను. తన లెక్క మీద అంత నమ్మకమున్న మనిషికి కళ్ళెదుట ఉన్నది కనపడదు.

పొద్దున్నే కొండెక్కాం. లైను దగ్గరికి వెళ్ళాం. అక్కడ లోపలికి పంపేముందు జనాన్ని పెద్ద పెద్ద గదుల్లో కూర్చోబెడతారు, కంపార్ట్‌మెంట్లంటారు. ఖాళీగా ఉంటుందనుకున్న చోట వరసగా గదులన్నీ నిండి ఉన్నాయి. మమ్మల్ని ఒక గదిలోకి పంపి తలుపేశారు. లోపల జాతరలా ఉంది. అంతకన్నా విచిత్రం, ఆ గోలంతా నాకు అక్షరం పొల్లుపోకుండా అర్థమవుతోంది. బందరు బస్టాండులో నిలబడినట్టే ఉంది.

పక్కన కూర్చున్న ఒకావిడ అరటిపండు వలుస్తూ పలకరించింది.

"ఎక్కడ్నుంచి వచ్చారండీ?"

"బందరండీ. మీరు?"

"అవనిగడ్డ పక్కనండీ. నాట్ల టైములో ఎవరూ రారు కదా, కొండ ఖాళీగా ఉంటదని బయల్దేరామండీ."

"మరి మీకు నాట్లు లేవా?"

"నీళ్ళేవండీ? పైన వానల్లేవు, ఇంకా కాలవలకి వదల్లేదు కదా. ఇంట్లో కూర్చుని మొగుళ్ళ మొహాలు చూసే బదులు స్వామి మొహం చూద్దామని వచ్చేశాం. మా వీధి వీధంతా ఇక్కడే ఉంది."

వెనక వరస నుంచి, "మాది చల్లపల్లండీ, మేమూ అందుకే" అని ఒక గొంతు. ఆ పక్కన కైకలూరు. కిటికీ దగ్గర పామర్రు. కృష్ణా డెల్టాలో నీళ్ళ కోసం ఎదురుచూస్తున్న ప్రతి ఇల్లూ నాలాగే లెక్కేసి, అందరూ పనిలో ఉంటారు కదాని, పనిలేక ఒకేసారి కొండెక్కేసింది.

మావారికి నవ్వాగలేదు. "ఆ తెలివి నీ ఒక్కదానికే ఉందనుకున్నావా? జిల్లా మొత్తానికి ఉందే."

"నీళ్ళొదల్లేదని నాకు చెప్పొద్దా?"

"నెల్రోజులుగా చెప్తూనే ఉన్నా. నువ్వు పంచాంగంలో మునిగున్నావు."

నేను అత్తయ్య కేసి చూడలేకపోయాను. ఆవిడ్ని నిలబెట్టకుండా తీసుకెళ్తానని ఊరందరి ముందు బీరాలు పలికిన దాన్ని. అయితే ఆవిడ అప్పటికే బెంచీ మీద కాళ్ళు చాపుకుని, అవనిగడ్డావిడతో చుట్టరికం కలిపే పనిలో ఉంది. అవతలావిడ పెద్దమ్మని మా ఊరి పక్క ఊరే ఇచ్చారట. ఇంకేం, చేగోడీల డబ్బా మూత తెరుచుకుంది. అవతలి నుంచి పులిహోర వచ్చింది, కైకలూరు వాళ్ళ నుంచి మినప సున్నుండలొచ్చాయి. దేవస్థానం వాళ్ళు వేడివేడి పాలు పంచారు. మగవాళ్ళంతా ఒక మూల చేరి, నీళ్ళు ఎప్పుడొదులుతారు, వదిలితే చివరి ఊళ్ళకి ఎప్పుడొస్తాయి అని కాలవ గట్టు మీద కూర్చున్నట్టే వాదులాడుకున్నారు. మధ్యమధ్యలో ఎవరో గోవిందా అంటే వాదన ఆపి గోవిందా అని, మళ్ళీ అందుకునేవారు. నీళ్ళు రావాలన్న మొక్కు అందరిదీ ఒకటే కాబట్టి ఆ గోవింద చాలా గట్టిగా వినపడేది.

"లైను లైనని ఇంత భయపెట్టావేంటే? కూర్చోబెట్టి పాలిస్తుంటే" అంది అత్తయ్య.

కష్టం ఆ తర్వాత వచ్చింది. తలుపులు తెరిచాక గుడి దాకా నడవాలి. నడుస్తూ ఆగాలి, ఆగుతూ నడవాలి. ఆవిడ కమ్మీ పట్టుకుని చాలాదూరం వచ్చింది. మహాద్వారం కనపడుతుండగా మోకాళ్ళు మొండికేశాయి. మొహం పాలిపోయింది. మావారు ఒకపక్కా, అవనిగడ్డావిడ ఇంకోపక్కా పట్టుకున్నారు. వెనకున్న మనవాళ్ళు ముందుకి తోసుకోకుండా కాస్త జాగా వదిలారు.

"నా వల్ల కాదు. నేనిక్కడే కూలబడతా. మీరు చూసి రండి" అంది. ఈసారి చూడకపోతే ఇక చూడలేనన్న మాట నాకే గుర్తుంది గాని ఆవిడ మర్చిపోయినట్టుంది. బతిమాలితే ఆవిడ నిజంగానే కూర్చుండిపోతుందని నాకు తెలుసు.

"కూర్చోండి. నాకేం. ఇంటికెళ్ళాక, నాలుగోసారి కూడా మీ అమ్మ స్వామిని చూడలేదని గుడివాడలో మీ అమ్మాయికి ఫోను చేసి చెప్తాను. లెటరు తెస్తానంటే వద్దన్నారు, అనుభవించారు అని అన్నయ్య అంటాడు. అనిపించుకుందాం."

ఆవిడ నా కేసి ఒక చూపు చూసింది. ఆ కొత్త కళ్ళలో అంత కోపం పడుతుందని నాకప్పుడే తెలిసింది. "మిల్లువాడు నన్నంటాడా" అని పళ్ళబిగువున కాలు ముందుకేసింది.

లోపలికి వచ్చాం. ఒక్కసారిగా చీకటి, చల్లదనం, కర్పూరం వాసన. గోవింద నామం చెవుల్లో హోరెత్తుతోంది. "బొట్టు అత్తయ్యా, గడ్డం మీద బొట్టు" అని చెవిలో చెప్తూనే ఉన్నాను. దూరంగా దీపాలు కనపడ్డాయి. అలవాటుకొద్దీ ఆవిడ చేతులు పైకి లేచాయి. రెప్పలు బరువుగా దిగుతున్నాయి. నేను ఆ జోడించిన చేతుల్ని పట్టుకుని గుండెల దాకా కిందికి దించాను.

"కళ్ళు మూసుకోకండి అత్తయ్యా. వెతకండి."

రెప్పలు ఆగాయి. మళ్ళీ పైకి లేచాయి. కళ్ళద్దాల్లో రెండు దీపాలు నిలబడ్డాయి. వాటి వెనక ఆవిడ కళ్ళు అటూ ఇటూ కదులుతున్నాయి, చాటలో బియ్యం ఏరుతున్నట్టే. లైను కదుపుతున్న ఒకమ్మాయి ఆవిడ భుజం మీద చెయ్యి వేసి, "పదండమ్మా" అంది.

"ఉండు తల్లీ, ఇంకా దొరకలేదు" అంది అత్తయ్య.

ఏం దొరకలేదో ఆ అమ్మాయికి అర్థం కాలేదు. అయినా నవ్వి, చెయ్యి భుజం మీదే ఉంచి, తోయలేదు. అది ఎంతసేపో నాకు తెలీదు. రెండు ఊపిర్లో మూడు ఊపిర్లో. అప్పుడు ఆవిడ మొహమంతా విచ్చుకుంది. "ఆ. ఉంది" అంది, పోయిన చెవిదిద్దు దొరికినట్టు. తనంతట తనే ముందుకి నడిచింది.

బయటికొచ్చి, ప్రసాదం దొన్నెలు పట్టుకుని ఒక అరుగు మీద కూర్చున్నాం. అత్తయ్య మొహం వెలిగిపోతోంది. మావారు నన్నడిగారు, "బాగా చూశావా?"

అప్పుడు తెలిసింది. ఆ కాసేపూ నేను ఆవిడ కళ్ళకి కాపలా కాస్తున్నాను. స్వామి వైపు నా తల తిరగనే లేదు.

"నేను మీ అమ్మని చూశాను" అన్నాను.

ఆయన నవ్వబోయి, ఎందుకో ఆగి, తన దొన్నెలో పొంగలి సగం నా దొన్నెలో వేశారు. అత్తయ్య ఇటు తిరిగింది.

"చూడలేదా నువ్వు? అయితే విను, నేను చెప్తా. నల్లగా నిగనిగలాడుతున్నాడు. నిలువెత్తు దండలు. బొట్టు గడ్డం మీద సరిగ్గా మధ్యనుంది, పటాల్లో వేసినంత పెద్దది కాదు. అన్నీ బాగున్నాయి గానీ నాకొకటే బాధగా ఉందే."

"ఏంటత్తయ్యా?"

"మనకైతే గదుల్లో బెంచీలేశారు. ఆయన ఇంతమంది కోసం పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు."

"దేవుడికి మోకాళ్ళ నొప్పులుంటాయా?"

"ఎందుకుండవు? నా వయసు కంటే పెద్దవాడు" అని ఆవిడ పొంగలిలో జీడిపప్పు ఏరుకుని ముందు అది తింది.